తూటాల గదికి భయస్తుడి కాపలా

బుచ్చన్నంత పిరికివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. లిఫ్టంటే భయం, ఉరుమంటే భయం, ఇంటి నుంచి వేళ కాని వేళ ఫోనొస్తే భయం. దోహాలో నజ్మా అనే పేటలో మా గదుల ముందు రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు తోడు రావాలి. అలాంటి మనిషిని మా పార్సిల్ కంపెనీ తీసుకుపోయి తూటాల గదికి కాపలా పెట్టింది. వినేవాళ్ళకు నవ్వొస్తుంది. నాకూ మొదట్లో వచ్చింది.

నేను ఆ కంపెనీలో బిల్లులు రాసేవాణ్ణి. మాది తణుకు దగ్గర. బుచ్చన్నది జగిత్యాల అవతల, గుట్టల కింద ఒక పల్లె. చమురు ధర, గ్యాసు ధర పోటీపడి పైకి పోతున్న రోజులవి. దోహాలో ఏ వైపు తల తిప్పినా క్రేన్లే. డబ్బున్నవాళ్ళకు కోరికలు ఎక్కువ, కోరికలన్నీ మాకు డబ్బాల్లో వచ్చేవి. యంత్రాల విడిభాగాలు, అత్తరు సీసాలు, పెళ్ళి బట్టలు, డేగల ముఖాలకు తొడిగే తోలు టోపీలు. వాటి మధ్య అప్పుడప్పుడు తూటాలు కూడా వచ్చేవి.

తూటాలంటే యుద్ధానికి కాదు. ఊరి బయట గురి చూసి కొట్టే ఆటల క్లబ్బు ఒకటి ఉండేది. మట్టి పళ్ళేలను గాలిలోకి ఎగరేసి వాటిని పేల్చడం వాళ్ళ ఆట. దానికి కావలసిన తూటాలు యూరప్ నుంచి మా పార్సిళ్ళలోనే దిగేవి. దొంగతనంగా ఏదీ లేదు. లోపల ఏముందో కాగితం మీద ఉన్నదున్నట్టు చెప్పాలి. పోలీసుల అనుమతి ముందే రావాలి. డబ్బా మీద నారింజ రంగు గుర్తు అతికించాలి. దిగిన డబ్బాలను ఇనప జాలీ వేసిన గదిలో పెట్టి తాళం వేస్తే, పోలీసు వచ్చి కాగితాలతో సరిచూసి, తన బండిని ముందు నడిపిస్తూ క్లబ్బుకు చేర్చేవాడు. పెళ్ళికూతుర్ని అత్తారింటికి సాగనంపినంత పద్ధతిగా జరిగేది ఆ వ్యవహారం.

బుచ్చన్నకు ముందు ఆ గదిని చూసినవాడు మహా ధీరుడు. తూటాల డబ్బాల మీదే కూర్చుని భోంచేసేవాడు. ఒకరోజు అన్నం తిన్నాక అక్కడే సిగరెట్టు వెలిగించాడు. మేనేజరు కంటబడి ఆ సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది. ధైర్యవంతులతో ఇదే చిక్కు. వాళ్ళ ధైర్యానికి మూల్యం పక్కవాళ్ళు చెల్లించాలి. కొత్తవాణ్ణి వెతుకుతుంటే ఎవరో వేళాకోళంగా బుచ్చన్న పేరు చెప్పారు, వాడు టపాకాయ కాలిస్తే మంచం కింద దూరతాడని. మేనేజరు నవ్వలేదు. "వాడే కావాలి," అన్నాడు.

వారం పాటు బుచ్చన్న అన్నం సరిగా తినలేదు. కంపెనీ వాళ్ళు తరగతి పెట్టి, ఈ రకం తూటాలు బాంబుల్లా పేలవనీ, ఒకవేళ నిప్పంటుకున్నా డబ్బాలోనే చిటపటలాడి ఊరుకుంటాయనీ, అందుకే విమానంలో ఎక్కనిస్తారనీ బొమ్మలు చూపించి చెప్పారు. నేనూ తెలుగులో విడమరిచి చెప్పాను. అంతా విని తల గీరుకున్నాడు.

"గా ముచ్చట కాయితం మీద రాసి ఉన్నది సారూ. డబ్బకు సదువు రాదు కద."

భయం భయంగానే చేరాడు. ఫోను, తాళంచెవులు, నడుముకున్న బెల్టు కూడా బయట పెట్టేవాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, "కొండగట్టు అంజన్నా" అనుకుని లోపల అడుగు పెట్టేవాడు. డబ్బాను ఎత్తితే చంటిపిల్లను ఎత్తినట్టు రొమ్ముకు ఆనించుకుని ఎత్తేవాడు. గోదాములో కుర్రాళ్ళు అతన్ని పూజారిగారూ అని పిలిచేవాళ్ళు. పిలిస్తే పలికేవాడు కూడా. అన్నేళ్ళలో ఆ గదిలో ఒక్క డబ్బా మూల నలగలేదు. భయం మాత్రం మొదటిరోజు ఎంత ఉందో అంతే ఉండేది. అలవాటైపోయి ఉంటుందిలే అని నేను ఒకసారి అంటే, చొక్కా ఎత్తి తడిసిన వీపు చూపించాడు.

మా కంపెనీకి ఇంకో వ్యాపారం కూడా ఉండేది. కూలీనాలీ చేసుకునే మనవాళ్ళు ఇళ్ళకు పంపుకునే డబ్బాలు. పాలపొడి, సబ్బులు, కంబళ్ళు, జండూబామ్. గల్ఫులో మనవాళ్ళకు ఒక ధర్మశాస్త్రం ఉంది. అరబ్బు ఇంటివాడు పారేయమన్న వస్తువు పారేసేవాడి సొత్తు. చక్రం విరిగిన సూట్‌కేసు, మూత పోయిన ఫ్లాస్కు, రంగు వెలిసిన తివాచీ, అన్నీ అలా డబ్బాల్లో చేరి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల్లో దిగేవి. అందులో తప్పేమీ లేదు. పారేసింది ఏరుకోవడం దొంగతనం కాదని అందరం ఒప్పుకున్నదే. ఆ శాస్త్రమే ఒకరోజు బుచ్చన్న మెడకు చుట్టుకుంది.

ఎండాకాలం. రహమతుల్లా అనే పెషావరు డ్రైవరు అల్ షహానియా నుంచి డబ్బాలు తెచ్చి దించి వెళ్ళిపోయాడు. అక్కడ ఒంటెల దొడ్లలో పనిచేసేవాళ్ళు ఇళ్ళకు పంపుకుంటున్నవి. సాయంత్రం హైదరాబాదు విమానానికి ఎక్కాలి. తూకం వేసేవాడు సెలవులో ఉంటే బుచ్చన్న సాయం పట్టాడు. నేను పక్కన కూర్చుని బరువులు రాసుకుంటున్నాను. ఒక డబ్బా ఎత్తి తక్కెడ దాకా తెచ్చి ఆగిపోయాడు. దించలేదు, ముందుకూ రాలేదు.

ఏమైందయ్యా అని అడిగాను. మెల్లగా కింద పెట్టి, చెవి ఆనించి, కొంచెం ఒరిగించాడు. లోపల ఏదో దొర్లి ఆగింది. పైన పాలపొడి అని రాసి ఉంది, పాలపొడి నిండిన డబ్బా అలా దొర్లదు. అతను రోజూ గుండెకు ఆనించుకుని మోసే చప్పుడే అది. డబ్బా మీద పంపేవాడి పేరు మల్లన్న. అందుకునేవారి పేరు గంగాబాయి. గంగాబాయి బుచ్చన్న సొంత అక్క. మల్లన్న ఆమె మొగుడు, అంటే బుచ్చన్నకు బావ. షహానియాలో ఒక ముసలి అరబ్బు దగ్గర ఒంటెలు కాస్తున్నాడు. అక్కడ అందరూ పిలిచినట్టే మల్లన్న కూడా యజమానిని అర్బాబ్ అంటాడు.

బుచ్చన్న బావకు ఫోను కలిపాడు. పాలపొడి డబ్బాలో ఏం పెట్టినవని అడిగాడు. మల్లన్న గొంతులో దాపరికం ఏమీ లేదు, పైగా హుషారుగా ఉన్నాడు. ఫోను బయటికి వినిపిస్తోంది.

"అర్బాబ్ శికారుకు కొన్న తూటలురా. నానినయని, గుంత తీసి పూడ్చమన్నడు. ఊకెనే మన్నుల కలుపుడెందుకు? మీ అక్క మక్కచేన్ల అడవిపందులు పడి ఒక్క కంకి మిగుల్తలేదు. తూటలకెల్లి మందు తీసి ఒక్కపారి పేలిస్తే పందులు జన్మల రావు."

మల్లన్న మాయగాడు కాదు, మోసగాడు కాదు. పందుల్ని తరమడానికి డబ్బాలు కొట్టీ, రాత్రంతా కేకలు వేసీ విసిగిన రైతు. పారేయమన్న సరుకు అతని లెక్కలో అతనిదే. దీపావళి టపాకాయలు పంపినంత నిశ్చింతగా పెళ్ళానికి తూటాలు పంపేశాడు.

నేను బుచ్చన్నను కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పాను. మా దగ్గర తూకం పడేదాకా సరుకు పంపినవాడిది. పడి చీటీ అంటిందంటే కంపెనీది. తర్వాత విమానాశ్రయంలో యంత్రం కింద పెడతారు. అక్కడ దొరికితే మల్లన్న ఇక్కడ జైలుకు పోతాడు. ఖర్మ కాలి అక్కడ దొరక్క దాటిపోతే హైదరాబాదులో దొరుకుతుంది. అక్కడ డబ్బా ఎవరి పేరున ఉంటే పోలీసులు వాళ్ళ ఇంటికే పోతారు.

"అంటే మా అక్కను పట్కపోతరు," అన్నాడు బుచ్చన్న.

అవునన్నాను. నేల మీద చతికిలబడ్డాడు. నాకు జాలేసింది, విసుగూ వచ్చింది. తెలివితేటలకు పెద్ద నేనే అనుకుంటూ ఒక ఉపాయం చెప్పాను. తూకం ఇంకా పడలేదు కదా, డబ్బా విప్పి ఆ గుప్పెడు తూటాలు వెనకాల కట్టే బిల్డింగు దగ్గర చెత్తతొట్టిలో పడేసి, మిగతా పాలపొడి పంపేద్దాం. ఎవడికీ తెలియదు. మల్లన్నను ఫోనులో నాలుగు తిట్టి ఊరుకో. ఫోనులో ఉన్న మల్లన్నకూ ఆ మాట నచ్చింది, సారు చెప్పినట్టు చెయ్యమని బతిమాలాడు.

బుచ్చన్న కాదన్నట్టు తలాడించాడు.

"చెత్తల పడేస్తే ఇంకోడు ఏరుకుంటడు సారూ. మా బావ గట్లనే కద ఏరుకున్నది."

అయితే ఏం చేస్తావన్నాను. తూటాలను రోడ్డు మీద మోసుకుపోవడానికి అతనికి హక్కు లేదు, నాకూ లేదు. హక్కున్నది ఒక్కడికే, లైసెన్సున్న ఆ అర్బాబ్‌కు. ఆయనే వచ్చి తీసుకోవాలి. పద్ధతి అంతే, బుచ్చన్న దాన్ని కంపెనీ తరగతిలో బొమ్మల్లో చూశాడు. కానీ ఆయన్ని పిలవడమంటే బావ చేసిన పని ఆయన చెవిన వేయడం. మల్లన్న ఊళ్ళో ఇంటికి గోడలు లేచాయి, పైకప్పు ఇంకా పడలేదు. కొలువు పోతే ఆ గోడలు వానకు తడుస్తాయి. బుచ్చన్నకు అది నాకంటే బాగా తెలుసు. ఫోనులో మల్లన్న ఏడుపు మొదలెట్టాడు. అర్బాబ్ నన్ను ఇంటికి తోలుతడు, నీ కాల్మొక్త, వద్దురా అన్నాడు. వయసులో పెద్దవాడు, బావ, అంత మాటన్నాడు. అయినా అర్బాబ్ నంబరు చెప్పేదాకా బుచ్చన్న ఫోను పెట్టలేదు.

ఆయన ఉర్దూ కొంత మాట్లాడతాడట. బుచ్చన్న మాట్లాడిన నాలుగు ముక్కలూ తడబడుతూనే మాట్లాడాడు. అర్బాబ్ బయల్దేరుతున్నానని ఒక్క మాటతో పెట్టేశాడు.

షహానియా నుంచి రావాలంటే సమయం పడుతుంది. ఈలోగా మేమిద్దరం మరిచిపోయిన సంగతి ఒకటి గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఆ మధ్యాహ్నం క్లబ్బు తూటాలు తీసుకుపోవడానికి పోలీసు రావాల్సి ఉంది. వచ్చాడు.

పడుచువాడు, మర్యాదస్తుడు. ఎప్పుడొచ్చినా బుచ్చన్న ఇచ్చే టీ తాగి పోయేవాడు. ఆ రోజు మాత్రం టీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కాగితం లేని తూటాల డబ్బా తక్కెడ పక్కనే, జాలీ గది ముందు, దారికి అడ్డంగా ఉంది. గదిలో పెడదామంటే లోపల సరుకంతా అతను కాగితంతో సరిచూస్తాడు. అక్కడినుంచి కదిలిద్దామంటే దొర్లుతుంది. బుచ్చన్న తాళం తీయడానికి మూడుసార్లు తప్పు చెవి పెట్టాడు. చెంపల మీంచి చెమట ధారలు కారి గడ్డం దగ్గర కలుస్తున్నాయి. పోలీసు అతన్ని చూసి జ్వరమా అని అడిగాడు. బుచ్చన్న లేదన్నట్టు తలాడించాడు.

క్లబ్బు డబ్బాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆఖరిది తీసుకొస్తుంటే దారికి అడ్డంగా ఉన్న మల్లన్న డబ్బాను పోలీసు బూటు కొసతో తట్టి, దీన్ని పక్కకు జరపమన్నాడు. తట్టినప్పుడు లోపల దొర్లింది. నాకు వినిపించింది. అతనికీ వినిపించిందేమో తెలియదు, ఏముంది ఇందులో అని అడిగాడు. అడగడం మామూలుగానే అడిగాడు. పాలపొడి అంటే సరిపోయేది. నేను ఆ మాట అనబోయి నోరు తెరిచాను కూడా.

"సార్, ఇస్‌మే గోలీ హై. వరగా మాఫీ. అర్బాబ్ ఆతా."

ఇందులో తూటాలున్నాయి, కాగితం లేదు, యజమాని వస్తున్నాడు. అంతే అన్నాడు బుచ్చన్న. ఆ మాట అని జాలీ పట్టుకున్నాడు. తర్వాత చాలామంది దాన్ని ధైర్యమన్నారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అది ధైర్యం కాదు. పోలీసు కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పాలంటే ధైర్యం కావాలి, అది అతని దగ్గర లేదు. నా దగ్గర ఉంది. ఆ రోజు నా ధైర్యమే గెలిచి ఉంటే అందరం మునిగేవాళ్ళం.

పోలీసు ముఖంలో మర్యాద పోయింది. నడుము దగ్గర చెయ్యి పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ గోడకు ఆని నిలబడమన్నాడు. వైర్‌లెస్‌లో ఏదో చెప్పాడు. డబ్బా ఎవరిదని అడిగాడు. బుచ్చన్న బావ పేరు చెప్పాడు. ఎవరికి పోతోందంటే అక్క పేరు చెప్పాడు. నాకు మా ఇంట్లోవాళ్ళు గుర్తొచ్చారు, నిజం చెప్పాలంటే నా మీద నాకే ఏడుపొచ్చింది. ఈ తెలంగాణ బావాబామ్మర్దుల మధ్యలో నేనెందుకు దూరానురా దేవుడా అనుకున్నాను.

అప్పుడొచ్చాడు అర్బాబ్. తెల్లటి పొడుగు తోబు, చేతిలో ఒంటెల్ని అదిలించే బెత్తం. అతన్ని చూస్తే పులిని చూసినట్టుంటుందని మల్లన్న చెప్పేవాడు. నేను చూసింది దమ్ము ఆడక రొప్పుతున్న ముసలాయన్ని. జేబులోంచి లైసెన్సు కార్డు తీసి పోలీసుకివ్వబోయి కింద పడేసుకున్నాడు. నానిన తూటాలను స్టేషనులో అప్పగించాలి, పనివాడి చేతికివ్వకూడదు. తప్పు ముందు ఆయనది. ఆ సంగతి ఆయనకు తెలుసు. వాళ్ళిద్దరూ అరబ్బీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ముసలాయన గొంతు తగ్గించి, తప్పు నాదేనన్నట్టు రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

డబ్బా విప్పారు. పాలపొడి డబ్బాలో గుడ్డలో చుట్టి, ఎర్ర ప్లాస్టిక్ ఉబ్బిపోయి, ఇత్తడి పచ్చబడ్డ తూటాలు గుప్పెడు. ఎందుకు పంపాడని పోలీసు అడిగితే పందుల కోసమని బుచ్చన్న చెప్పాడు. పోలీసుకు అర్థం కాలేదు. నేను ఉర్దూలో మళ్ళీ చెప్పాను. అతను నవ్వాలో కోప్పడాలో తెలియక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చివరికి తూటాలు ముసలాయన చేతే మోయించి, తన బండి వెనక స్టేషనుకు తీసుకుపోయాడు. కంపెనీ తూకం వేయలేదు కాబట్టి మా మీద కేసు రాలేదు. తానే ఒప్పుకుని లైసెన్సుతో వచ్చి తీసుకున్నాడు కాబట్టి ముసలాయన మీద కూడా పెద్దగా రాలేదు. మల్లన్నను పోలీసులు అడగనే లేదు.

పోతూ పోతూ అర్బాబ్ బుచ్చన్న దగ్గర ఆగాడు. కొడతాడేమోనని బుచ్చన్న కళ్ళు మూసుకున్నాడు. ఆయన బుచ్చన్న భుజం మీద చెయ్యి వేసి, మంచి పని చేశావన్నాడు. ఆ వెంటనే, మల్లన్న ఖలాస్ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఒకసారి అంత భయపడ్డాక ఆ మనిషిని మళ్ళీ దొడ్లో చూడలేడు, అంతే. వారం తిరక్కుండా మల్లన్న వీసా రద్దయింది. బుచ్చన్న విమానాశ్రయానికి వెళితే బావ పలకరించలేదు. సామాను మోయబోతే లాక్కున్నాడు.

గంగాబాయి ఫోను ఆ తర్వాత వచ్చింది. మేమిద్దరం గోదాములో అన్నం తింటున్నాం. ఎడమ చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకోబోయి, ఆమె గొంతు విని దూరంగా పట్టుకున్నాడు.

"నీ పిరికితనం నా సంసారం మీద పడ్డది. గా డబ్బ జర పక్కకు పెడ్తే నీ సొమ్మేం పోతుండె? ఊరంతా పందులు తిన్న చేనును చూసినట్టు నన్ను చూస్తున్నరు. నాకు తమ్ముడే లేడనుకుంట."

ఆ ఏడు రాఖీ పున్నానికి అక్క నుంచి ప్రతిసారీ పోస్టులో వచ్చే కవరు రాలేదు. గదిలో అందరి మణికట్లకూ దారాలున్నాయి. అతను డ్యూటీకి పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చాడు. ఆ ఎండలో ఆ చొక్కా చూసి నాకు కడుపు మండింది. అక్క మీద మండింది, బావ మీద మండింది, నోరు లేని వీడి మీద మరీ మండింది.

డబ్బా మీద ఉన్నది నీ పేరే అక్కా అని ఒక్క మాట చెప్పవయ్యా అన్నాను. అది హైదరాబాదు చేరి ఉంటే పోలీసులు ఆమె గుమ్మం తొక్కేవాళ్ళు, జైలుకు పోయేది మల్లన్న కాదు ఆమె, ఆ సంగతి తెలిస్తే నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటుంది అన్నాను. నీకు చేతకాకపోతే నంబరివ్వు, నేను చెబుతాను అన్నాను.

బుచ్చన్న గబుక్కున ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"వద్దు సారూ. గా సంగతి తెలిస్తే ఇగ దాని బతుకంత పోలీసును చూసినా, డబ్బను చూసినా ఉలిక్కిపడ్తది. ఇప్పుడు దానికి ఉన్నది కోపమే. కోపం ఎప్పటికైనా పోతది. భయం పోదు, నాకెరుక."